చెరో చెవి

పాటలు వినే చిన్న పెట్టె ఒకటి కొనడానికి మనిషికి ఎంతకాలం పడుతుంది? మీకైనా నాకైనా ఓ సాయంత్రం చాలు. మరీ చాదస్తం మనిషైతే ఓ వారం. బైండరుకి మాత్రం ఎండలు పోయి వానలొచ్చినా, వానలు వెలిసి చలి మొదలైనా ఆ పని తెమల్లేదు.

పుస్తకాలు బైండింగు చేస్తాడు కాబట్టి ప్రెస్సులో ఆయన అందరికీ బైండరే. పెళ్ళాన్ని ఆయన దొరసాని అంటాడు. పెళ్ళైన కొత్తలో ఆవిడ మంచం దిగకుండా మంచినీళ్ళు అడిగిందని ఎగతాళికి పెట్టిన పేరది. ఎగతాళి ఎప్పుడో అరిగిపోయింది, పేరు మిగిలింది. ఆవిడ పనిచేసే లాండ్రీకి కూడా ఆ పేరు పాకింది. ఆవిరి ఇస్త్రీ దగ్గర చెమటలు కక్కుతూ నిలబడ్డ మనిషిని పట్టుకుని, "దొరసానిగారూ, ఈ కాలరు కాస్త చూడండి" అంటారు అక్కడివాళ్ళు. ఆవిడా "ఆఁ, ఇలా పడెయ్యి" అంటుంది, నిజంగా దొరసానిలాగే.

బైండరుకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం పాటలు. తాగడు, పేకాడడు, ఊరి రాజకీయాలు పట్టించుకోడు. ఎవరింట్లోనో పాత క్యాసెట్లున్నాయని తెలిస్తే మాత్రం, ఎవరి అటక మీదో సీడీలు మూలుగుతున్నాయని వింటే మాత్రం, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళి వాలిపోతాడు. వాటిని తెచ్చుకుని, కంప్యూటర్లోకి ఎక్కించుకుని, దుమ్ము తుడిచి, చిరిగిన అట్టలకి కొత్త అట్టలు అతికించి మరీ తిరిగిచ్చేస్తాడు. ఆ మర్యాద కోసమే జనం పిలిచి ఇవ్వడం మొదలుపెట్టారు. అలా అలా వేల పాటలు పోగయ్యాయి. రేడియోలో రానివి, ఎవరూ పేరు కూడా వినని గాయకులవి, రెండు పాటలు పాడి మళ్ళీ ఏమైపోయారో తెలియనివాళ్ళవి.

వాటిని సర్దడంలో కూడా ఆయనది ఓ తిక్క. అందరిలా గాయకుడి పేరనీ సంవత్సరమనీ పెట్టడు. 'వాన పడుతుంటే' అని ఒక ఫోల్డరు. 'పని ఎగ్గొట్టిన రోజు' అని ఒకటి. 'దొరసాని అలిగితే' అని ఒకటి, దాని కిందే 'దొరసాని బాగా అలిగితే' అని ఇంకొకటి. ఈ రెండోదాంట్లోనే పాటలు ఎక్కువ.

ఇన్ని పాటలూ జేబులో పట్టాలంటే పాత ప్లేయర్ సరిపోదు. అదేమో అగ్గిపెట్టెంత. ప్రతి ఆదివారం కూర్చుని, ఏ పాటల్ని అందులో ఎక్కించాలి, ఏ పాటల్ని దించాలి అని బైండరు పడే యాతన చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. దించిన ప్రతి పాటకీ "ఏమీ అనుకోకమ్మా, వచ్చే వారం నీదే" అని చెప్పుకునేవాడు. అందుకని అన్నీ పట్టే పెద్ద ప్లేయర్ ఒకటి కొనాలని తీర్మానించాడు. దొరసాని కూడా సరేనంది. "ఫోనుంది కదండీ, అందులో వినకూడదూ?" అని ఒక్కసారి అడిగి చూసిందిగానీ, "ఫోన్లో పాటలు వినడమంటే రోడ్డు మధ్యలో పడుకోవడమే. ఎవడో ఒకడు వచ్చి లేపుతాడు" అన్నాడాయన. అంతటితో ఆ మాట ముగిసింది.

అప్పటినుంచీ మొదలైంది భాగోతం. రోజూ అన్నం ముందు కూర్చుని ఏదో ఒక ప్లేయర్‌కి వంక పెట్టడం.

"నల్లది చూశానే. చూపులకి బంగారంలా ఉంది. కానీ అంతా అద్దమే, ఒక్క బటనూ లేదు. జేబులో చెయ్యి పెట్టి తడిమితే పాట మార్చలేను."

"అయితే బటన్లున్నది తీసుకోండి."

"దానికి బటన్లున్నాయి, బుర్ర లేదు. నా ఫోల్డర్లన్నీ చిందరవందర చేసి, 'తెలియని గాయకులు' అని ఒక్క కుప్పగా పోసేసింది. ఇంత కష్టపడి సర్దుకుంటే నా పాటలన్నీ తెలియనివాళ్ళవా?"

"ఇంకోటేదో చెప్పారుగా, వెండి రంగుది?"

"దాని బ్యాటరీ మాట నమ్మేది కాదు."

"దానికేమన్నా పిల్లనిస్తున్నామా, ఇంత విచారణ?" అని దొరసాని విసుక్కునేది. ఆయన మాత్రం తలొంచుకుని అన్నం కలుపుకుంటూ, "రేపు ఇంకోసారి వెళ్ళి చూస్తాలే" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విందో దొరసాని లెక్కపెట్టడం మానేసింది.

ఇక బస్సు సంగతి చెప్పాలి. అసలు పాటలన్నీ బస్సు కోసమే.

ప్రెస్సూ లాండ్రీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. మొగుడూ పెళ్ళాలు పొద్దున్న ఒకే బస్సులో వెళ్ళి సాయంత్రం ఒకే బస్సులో వస్తారు. ఎడమ వరసలో ఇద్దరు కూర్చునే సీటు. కిటికీ దొరసానిది. అందులో బేరాల్లేవు. ఒకనాడు ఆయనకి కళ్ళు తిరుగుతున్నాయంటే నిమ్మకాయ చేతిలో పెట్టి వాసన చూడమందిగానీ కిటికీ మాత్రం వదల్లేదు. ఆవిడకి కుడిపక్కన ఆయన. పాత ప్లేయర్ ఆయన జేబులో. ఇయర్‌ఫోన్స్‌లో ఎడమదానికి పుస్తకాలు కుట్టే ఎర్రదారం గుర్తుగా చుట్టాడు. ఎర్రదారంది ఆయన ఎడమ చెవిలో, దారం లేనిది ఆవిడ కుడి చెవిలో. వైరు పొట్టిది. ఒకరు కదిలితే రెండోవాళ్ళ చెవిలోంచి ఊడిపోతుంది కాబట్టి భుజానికి భుజం ఆనించుకుని కూర్చోవాల్సిందే. ఆ వయసులో అలా అంటుకుని కూర్చునే జంట ఆ బస్సులో ఇంకొకటి లేదు. అది ప్రేమా, వైరు పొట్టితనమా అంటే నన్నడక్కండి.

పాట వింటూ దొరసాని మోకాలి మీద చూపుడువేలితో తాళం కొడుతుంది. బైండరు కళ్ళు అరమూసి తలాడిస్తాడు. ఆవిడ వేలు కాస్త తప్పితే చాలు, "ఏయ్, దొరసానీ, తాళం!" అని మోచేత్తో పొడుస్తాడు. అలా పొడిపించుకోవడం ఆవిడకి ఇష్టం. ఒక్కోసారి కావాలని కూడా తప్పేది.

బస్సు దిగితే ఆవిడకి పాటల్లేవు. లాండ్రీలో యంత్రాల రొద, ఇంట్లో పని. ఆయన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు సరిచూసుకునేటప్పుడు కూడా ఎర్రదారం ఒక్కటే చెవిలో ఉండాలి. అది దొరసాని పెట్టిన చట్టం. "పొయ్యి మీద పాలుంటాయి, గుమ్మంలో గంట కొడతారు. రెండు చెవులూ మూసుకుంటే కుదరదు. ఒక చెవి ఇంటికి!" అంది పెళ్ళైన కొత్తలోనే. ఆయన ఆ మాట జవదాటలేదు. కుడి చెవి ఇంటికి, ఎడమ చెవి పాటకి.

వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి తెగని తగాదా ఒకటుంది. పడవ పాట గురించి. ఎవరి అటక మీదో దొరికిన పాత పాటది. ఆయనేమో అది మగవాడి పాటంటాడు. "ఎంత హాయిగా పాడాడే! వెనకాల ఎక్కడో దూరంగా ఒకామె వంత పాడుతుంటుంది, అంతే. రెండో చరణం ఎత్తుకునే ముందు చిన్నగా నవ్వుతాడు చూడు, ఆ నవ్వుకి ఆస్తి రాసియ్యొచ్చు." ఆవిడేమో అది ఆడమనిషి పాటంటుంది. "వంతపాట మీవాడిది. ఎక్కడో అవతలి ఒడ్డునుంచి అరుస్తున్నట్టుంటుంది ఆ గొంతు. నవ్వూ లేదు, నా మొహమూ లేదు. వేణువు మాత్రం ఉంది, ఆమె పాడుతున్నంతసేపూ పక్కనే."

"వేణువా? ఆ పాటలో వేణువే లేదు!"

"మీకు చెవుల్లో దూది ఉంది."

ఇలా సాగేది. ఇద్దరూ రోజూ ఒకే పాట వింటున్నారు, రెండు పాటల గురించి పోట్లాడుకుంటున్నారు. ఎందుకో ఇద్దరికీ తట్టలేదు. తట్టి ఉంటే ఇంత కథే లేదు.

చలి మొదలైన రోజుల్లో ఓ సాయంత్రం, బస్సులో పడవ పాట వస్తుండగా పాత ప్లేయర్‌లో చార్జింగ్ అయిపోయింది. పాట టక్కున ఆగిపోయింది. దొరసాని అది గమనించిందిగానీ, ఆ రోజు లాండ్రీలో కమిలిపోయిన పట్టు చొక్కా గురించి బెంగలో ఉండి, వేలు మాత్రం అలవాటుగా మోకాలి మీద కొడుతూనే ఉంది. కాసేపటికి, చార్జింగ్ పెట్టలేదని మొగుడిని తిడదామని పక్కకి తిరిగింది.

బైండరు తలాడిస్తున్నాడు.

మొహం నిండా పరవశం. అరమూసిన కళ్ళు. సరిగ్గా చూస్తే, ఆ అరమూసిన కళ్ళు ఆవిడ వేలి మీద ఉన్నాయి.

దొరసాని నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగింది. వేలు ఆపితే ఏమవుతుందోనని భయమేసి, ఇల్లొచ్చేదాకా లేని పాటకి తాళం కొడుతూ కూర్చుంది. దిగేటప్పుడు ఆయన ఇయర్‌ఫోన్ తీసి, "ఈ పాట ఎన్నిసార్లు విన్నా అంతేనే" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పరీక్ష పెట్టింది. పాట నడుస్తోంది. ఆవిడ కావాలని వేలు తాళం తప్పించి కొట్టింది. ఆయన పొడవలేదు. తల కూడా ఆ తప్పు తాళానికే ఊగింది. ఇంకా తప్పించింది. ఇంకా అలాగే ఊగింది. చిన్న పొరపాటుకే మోచేత్తో పొడిచే మనిషి, పాటని ఖూనీ చేస్తుంటే తలాడిస్తున్నాడు. దొరసాని కిటికీ వైపు తిరిగిపోయింది.

లాండ్రీలో ఆవిరి ముందు నిలబడి ఏడ్చింది. ఆవిరిలో ఎవరికి తెలుస్తుంది! ఏడుస్తూనే ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. ఫోను కుడి చెవికి మార్చాడు, అడిగితే ఎడమ చెయ్యి నొప్పన్నాడు. వంటింట్లో ఎడమ పక్కనుంచి పిలిస్తే ఉలకడూ పలకడూ. పొగరెక్కిందని నాలుగు రోజులు మాట్లాడకుండా కూర్చుంది కూడా. కొన్ని నెలలుగా బస్సులో తాళం తప్పినా పొడవడం మానేశాడు, పని అలసటేమో అనుకుంది. ప్రెస్సులో కాగితాలు మడతపెట్టే యంత్రం ఆయనకి ఎడమ పక్కనే ఉంటుంది. ఇన్నేళ్ళుగా దడదడమంటూ అది ఆయన ఎడమ చెవిలోనే మోగుతోంది. ఆ చెవికి పాట ఒకటే పెట్టి పోషిస్తున్నాననుకున్నాడు పాపం.

'నేనేం పెళ్ళాన్ని?' అనుకుంది. 'భుజం ఆనించుకుని కూర్చుని కూడా తెలుసుకోలేదు.'

ఆ సాయంత్రం అన్నాల దగ్గర మామూలుగా అడిగినట్టే అడిగింది. "అసలు ఇప్పుడున్న ప్లేయర్‌కి ఏమైందండీ?"

"చిన్నది కదే. పాటలు పట్టవు." అన్నం వంక చూస్తూ అన్నాడు. "పైగా ఈమధ్య ఎడమ పక్క సరిగ్గా పలకడం లేదు. లోపలేదో వదులైనట్టుంది. ప్లేయర్‌దే లోపం."

"మరి కొత్తది కొనేద్దాం."

"కొందాం. కంగారేముంది? రేపు ఇంకోసారి చూసి..."

అప్పుడు వెలిగింది దొరసానికి. బటన్లూ ఫోల్డర్లూ బ్యాటరీ, ఇవన్నీ వంకలు. కొత్తది కొంటే ఎడమ పక్క పలకాలి. అప్పుడూ పలకకపోతే లోపం ప్లేయర్‌ది కాదని తేలిపోతుంది. కొననంతకాలం తేలదు. అందుకే ఈయనకి ఏదీ నచ్చడం లేదు, ఎప్పటికీ నచ్చదు.

ఆయన చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ ఏడిస్తే ఈ మనిషి అన్నం వదిలేసి లేచిపోతాడు. "రేపు మధ్యాహ్నం సెలవు పెట్టండి. నేనూ వస్తాను దుకాణానికి" అంది.

"నువ్వెందుకే? నీకేం తెలుసు వాటి గురించి?"

"ఏమీ తెలీదు. వస్తాను."

ఆ గొంతు బైండరుకి బాగా తెలుసు. ఆ గొంతుకి ఆయన దగ్గర ఫోల్డరు కూడా ఉంది.

దుకాణం ఇరుకైనదే గానీ శుభ్రంగా ఉంది. గోడల నిండా హెడ్‌ఫోన్స్ వేలాడుతున్నాయి. గల్లా దగ్గర కళ్ళద్దాలు పెట్టుకున్న యజమానురాలు, బైండరుని చూడగానే మొహం ఇంత చేసుకుంది.

"రండి రండి, రేపుగారూ! ఈ రోజు మీ రేపు వచ్చిందా?"

బైండరు చెవులు ఎర్రబడ్డాయి. దొరసాని నవ్వాపుకుని, "వచ్చిందమ్మా. నేనే లాక్కొచ్చాను" అంది. "ఈయన చూసినవన్నీ బయటికి తియ్యి. ఇవాళ తాడో పేడో తేలిపోవాలి."

బల్ల మీద మూడు ప్లేయర్లు వరసగా పెట్టింది యజమానురాలు. నల్లటి అద్దంలాంటిది, వెండి రంగుది, ఫోల్డర్లు చిందరవందర చేసినది అమ్ముడుపోవడంతో దాని బదులు ఇటుక ముక్కలా లావుగా ఉన్న ఇంకొకటి. బైండరు ఒక్కొక్కదాన్నీ పుస్తకాన్ని తిప్పినట్టు తిప్పి, అంచులు నిమిరి, వీపు చూసి, పక్కన పెట్టాడు. ముట్టుకోవడం వరకే. వినే మాట ఎత్తలేదు.

"మీ పాటలన్నీ ఎక్కించిన మెమరీ కార్డు తెచ్చారుగా? పెట్టి వినండి" అంది యజమానురాలు.

"అక్కర్లేదులెండి. పాట ఎక్కడైనా పాటే కదా."

"వినకుండా ఎలా కొంటారు? పడవ పాట పెట్టమ్మా" అని దొరసాని ఆయన జేబులోంచి కార్డు తీసి ఇచ్చేసింది. ఇటుకలాంటి ప్లేయర్‌లో కార్డు పెట్టగానే తెర మీద ఫోల్డర్లన్నీ ఆయన సర్దిన వరసలోనే, ఆయన పెట్టిన పేర్లతోనే వచ్చాయి. యజమానురాలు 'దొరసాని బాగా అలిగితే' అని పైకే చదివి, ఇద్దరి వంకా చూసి, మర్యాదగా దగ్గింది. తర్వాత రెండు చెవులూ మూసే పెద్ద హెడ్‌ఫోన్స్ తెచ్చి బైండరు తలకి తగిలించింది.

ఆయన బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. యజమానురాలు బటన్ నొక్కింది.

ముందు ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదేమిటి? వేరే పాట పెట్టారే?" అని అరిచాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళు అరుస్తారు కదా, అలా.

"మీ పడవ పాటే సార్."

"కాదండీ! ఇందులో ఎవరో ఆడమనిషి పాడుతోంది. వేణువు..." అక్కడ ఆగిపోయి దొరసాని వైపు తిరిగాడు. "వేణువుందే! నువ్వు చెప్పిందే! ఆమె పక్కనే!" మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది. మరుక్షణం ఆ వెలుగు తగ్గింది. "మరి అతనేడీ? అతను పాడట్లేదేం? ఎక్కడో దూరంగా..."

"పాత రికార్డింగులు కొన్ని అంతే సార్" అంది యజమానురాలు. "ఒక గొంతుని ఎడమ పక్కకి తోసేస్తారు, ఇంకో గొంతుని కుడి పక్కకి. ఇది ఇద్దరు కలిసి పాడిన పాట. అతను ఎడమ చెవిలో ఉంటాడు చూడండి." అని, ఆయన ఏమీ అనకపోవడం చూసి, హెడ్‌ఫోన్స్ తీసి అటుదిటు తిప్పి పెట్టింది. ఆమెకేం తెలుసు, సాయం చేద్దామనుకుంది.

ఇప్పుడు అతను కుడి చెవిలో పాడాడు. బైండరుకి ఎన్నాళ్ళకో వినిపించాడు. చరణం ముందు ఆ నవ్వు కూడా నవ్వే ఉంటాడు, బైండరు పెదవులు వణికాయి. తర్వాత నెమ్మదిగా హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఇదీ బాగోలేదండీ. ఎడమ పక్క పలకడం లేదు. వేరేది చూపించండి" అన్నాడు.

"ఏమండీ" అంది దొరసాని.

"ఆ నల్లది చూపించండి పోనీ."

"ఏమండీ, బాగోలేనిది అది కాదు."

బైండరు ఆవిడ మొహంలోకి చూశాడు. యజమానురాలు, అర్థమైన మనిషి, లోపలేదో పనుందని వెళ్ళిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడాయన.

"చార్జింగ్ అయిపోయిన రోజు. పాట లేదు, మీరు తలాడిస్తున్నారు."

ఆయన తలొంచుకున్నాడు. "నీ వేలు చూసి వింటున్నానే. ఎండాకాలం నుంచీ. ఏ పాటో మొదట్లో తెర మీద చూసుకుంటే, మిగతాది నీ వేలు చెప్పేసేది."

"కుడి చెవిలో పెట్టుకోవచ్చు కదా, మహానుభావా!"

"పెట్టుకుంటే ఎడమది పోయిందని ఒప్పుకున్నట్టేగా."

"ఒప్పుకుంటే ఏమవుతుంది? నాతో చెప్తే ఏమవుతుంది? నేనేమన్నా పరాయిదాన్నా?" దొరసానికి కోపమో దుఃఖమో, రెండూ కలిసే వచ్చాయి.

"చెప్తే ఏం చేస్తావో నాకు తెలీదూ? నీ వైరు కూడా తీసి నా చేతిలో పెట్టేస్తావు. 'రెండూ మీరే పెట్టుకోండి, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాలే' అంటావు." బైండరు ప్లేయర్ మీది బటన్లని వేలితో నిమురుతున్నాడు. "ఒక్కడినే కూర్చుని వినడానికి నాకిన్ని పాటలెందుకే, దొరసానీ?"

ఆయన చెప్పింది నిజమే. అచ్చం ఆ మాటే అనేది తను. దొరసాని కొంగు చివరతో కళ్ళు తుడుచుకుని, లోపలికి కేకేసింది. "అమ్మా, ఇటు రామ్మా! ఒక చెవితో వినే మనిషికి రెండు పక్కల పాటా వినిపించే ఉపాయం ఏమన్నా ఉందా ఈ డబ్బాల్లో?"

"ఎందుకు లేదండీ? మోనో అని ఉంటుంది. రెండు పక్కలదీ కలిపి ఒకే చెవికి ఇస్తుంది." యజమానురాలు మూడు ప్లేయర్లనూ గబగబా తెరిచి చూసింది. "నల్లదాంట్లో లేదు. వెండిదాంట్లో లేదు. ఈ లావుదాంట్లో ఉంది. పాపం చూడ్డానికి బాగోదని దీన్ని ఎవరూ అడగరు."

"చూడ్డానికి నేను మాత్రం బాగున్నానా?" అన్నాడు బైండరు. ఆ మధ్యాహ్నం ఆయన వేసిన మొదటి జోకు అది. దొరసాని ఫక్కున నవ్వింది. "ఇదే తీసుకుందాం. బటన్లున్నాయి. నా ఫోల్డర్లని ఏమీ అనలేదు. పాటలన్నీ పడతాయి. ఒక్కదాన్నీ దించక్కర్లేదు."

"చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్తున్నాం" అంది దొరసాని.

"రేపు..."

"మళ్ళీ ఆ మాట నా దగ్గర అనకండి. పొద్దున్నే. ఇద్దరం."

"సరే" అన్నాడు బైండరు, బుద్ధిగా.

తిరుగు బస్సు నిండుగానే ఉంది. ఎడమ వరసలో వాళ్ళ సీటు మాత్రం ఖాళీగా దొరికింది. బైండరు అలవాటుగా పక్కకి తప్పుకుని, ఆవిడని ముందు కూర్చోమన్నట్టు నిలబడ్డాడు. దొరసాని కదల్లేదు.

"మీరు జరగండి లోపలికి."

"ఏమిటి?"

"కిటికీ దగ్గర మీరు కూర్చోండి అంటున్నాను. ఇది కూడా వినపడలేదా?"

బైండరు నోరు తెరుచుకుని చూశాడు. "కళ్ళు తిరుగుతున్నాయంటే నిమ్మకాయ ఇచ్చావు కదే!"

"ఆ రోజు చెవి బాగానే ఉందిగా. కూర్చోండి, వెనక జనం నిలబడ్డారు."

ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ ఆయనకి కుడి పక్కన కూర్చుంది. ఎర్రదారం చుట్టింది తీసి తన ఎడమ చెవిలో పెట్టుకుంది. దారం లేనిది ఆయన కుడి చెవిలో పెట్టింది. వైరు పొట్టిదే, భుజాలు ఎప్పటిలాగే ఆనుకున్నాయి. ఇటుకలాంటి కొత్త ప్లేయర్‌ని ఒళ్ళో పెట్టుకుని బైండరు, "ఉండు, ఆ మోనో ఏదో నొక్కుతాను. ఇద్దరికీ మొత్తం పాట వస్తుంది" అని బటన్ వెతకబోయాడు.

దొరసాని ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "తర్వాత నొక్కుదురుగానీ. ఇన్నేళ్ళూ మీరేం విన్నారో ముందు నన్ను విననివ్వండి."

పడవ పాట మొదలైంది. దొరసాని చెవిలో ఒక మగ గొంతు, ఇంత దగ్గరగా, చెవి పక్కనే తెడ్డు వేస్తున్నట్టు పాడింది. అవతలి ఒడ్డునుంచి అరుస్తున్నాడని ఇన్నాళ్ళూ వెక్కిరించిన గొంతు అదే. రెండో చరణం ముందు చిన్నగా నవ్వాడు.

"నవ్వాడండీ!" అంది దొరసాని, పక్క సీట్లవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా.

"చెప్పానా? ఆస్తి రాసియ్యొచ్చా లేదా?"

"రాసిచ్చెయ్యండి."

"నువ్వు చెప్పిన ఆవిడ కూడా ఏం తక్కువ పాడలేదే" అన్నాడు బైండరు. "ఆ వేణువు... నిన్ను అన్యాయంగా తిట్టాను."

ఆవిడ వేలు తనంతట తనే మోకాలి మీద తాళం కొడుతోంది. పక్కన ఆయన కళ్ళు అరమూసి తలాడిస్తున్నాడు. ఆ తల ఊపు చూడగానే దొరసానికి అనుమానం వచ్చింది. మళ్ళీ తన కోసమే నటిస్తున్నాడా? కొత్త ప్లేయర్, కొత్త చెవి, అన్నీ సరే, మనిషి మాత్రం మొండివాడు. ఆవిడ వేలు ఆపేసింది.

బైండరు కళ్ళు పూర్తిగా మూసుకుని ఉన్నాడు. తల మాత్రం ఆగలేదు. పాట ఎటు పోతే అటు, ఒక్క తాళమూ తప్పకుండా ఊగుతూనే ఉంది. ఆనుకున్న భుజంలో ఆ వేలి కదలిక ఆగిందని తెలిసిందేమో, కాసేపటికి కళ్ళు తెరవకుండానే మోచేత్తో ఆవిడని పొడిచాడు.

"ఏయ్, దొరసానీ, తాళం!"